మర్యాద పేరుతో ఇచ్చే గ్లాసు

ఎండలు ముదిరాయి. కాలవకి నీళ్ళు కట్టేసే రోజులు వచ్చేశాయి. రెండో పంట ధాన్యం లారీలు మిల్లుల ముందు వరస కట్టినట్టే, మన క్యాంపుల్లో శుభలేఖలు కూడా వరస కట్టాయి. నా బల్ల సొరుగులో ఒక్క ఈ నెలకే తొమ్మిది కార్డులున్నాయి. నాలుగు పెళ్ళిళ్ళు, రెండు ఓణీల ఫంక్షన్లు, ఒక పంచెల ఫంక్షను, రెండు గృహప్రవేశాలు. అమ్మవారి జాతర సరేసరి. ఆషాఢం వస్తే ముహూర్తాలుండవు కనుక అందరి శుభకార్యాలూ ఈ రెండు నెలల్లోనే వచ్చి పడతాయి.

మిల్లు గుమాస్తాగా ఈ రోజుల్లో నేను ఎక్కువగా రాసేవి అడ్వాన్సు చీటీలు. పెళ్ళికి అడ్వాన్సు కావాలని వచ్చిన మనిషి కూర్చుని ఖర్చులు ఒక్కొక్కటే చెప్తాడు. బియ్యం, కూరగాయలు, షామియానా, వంటవాళ్ళు, బట్టలు, పురోహితుడు, మేళం. అన్నీ పేరు పెట్టి చెప్తాడు. చివర్లో కాస్త గొంతు తగ్గించి, "ఇతర ఖర్చులు అని ఇంకొంత వెయ్యండి గుమాస్తా గారూ" అంటాడు. ఆ ఇతర ఖర్చులేమిటో నాకూ తెలుసు, అతనికీ తెలుసు, పక్కన కూర్చున్న అతని భార్యకి ఇంకా బాగా తెలుసు. చీటీ మీద పేరు రాయడానికి మొహమాటపడే ఖర్చుని, పందిరి వెనక మాత్రం అందరికంటే గొప్పగా చూపించుకోవాలని పోటీ పడతాం.

ఈ నెల ఆ ఖర్చు గురించే రాయాలనుకున్నా. తాగేవాళ్ళని తిట్టడానికి కాదు. తిట్లు వాళ్ళు ఇంట్లో రోజూ వింటూనే ఉన్నారు. నేను మాట్లాడాలనుకున్నది పోసేవాళ్ళతో, అంటే కార్డు పంచి రమ్మని పిలిచేవాళ్ళతో. ఇవాళ కాకపోతే రేపు మనమందరం ఆ వరసలో ఉండేవాళ్ళమే.

మన ఫంక్షన్లకి వచ్చే మగవాళ్ళని నాలుగు రకాలుగా చూడొచ్చు. అసలు తాగనివాళ్ళు. తాగి తాగి కష్టపడి మానేసినవాళ్ళు. ఎప్పుడో ఒకసారి, ఓ లెక్కలో తాగేవాళ్ళు. లెక్క తప్పినవాళ్ళు. పందిరి వెనక కుర్చీలు వేసి కూర్చోబెట్టేటప్పుడు ఈ నలుగురినీ ఒకే వరసలో కూర్చోబెడతాం. ఒకే గ్లాసు ఇస్తాం. ఒకే మాట అంటాం: "ఏంటి బావా, మా ఇంట్లో శుభకార్యానికి కూడా తీసుకోవా? మేమంటే అంత చిన్నచూపా?"

ఈ మాటకి జవాబు చెప్పడం కష్టం. నాలుక మీద కోరికతో గ్లాసు పట్టేవాళ్ళు కొందరైతే, ఈ మాట తప్పించుకోలేక పట్టేవాళ్ళు అంతకంటే ఎక్కువమంది. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు మొదటి గ్లాసు కొట్టుకి వెళ్ళి కొనుక్కుని తాగడు. మేనమామ చేతి మీదుగానో, పెదనాన్న కొడుకు చేతి మీదుగానో ఏదో ఒక పెళ్ళిలో అందుకుంటాడు. "ఇంకా ఆడపిల్లలా సిగ్గేంట్రా" అని నవ్వుతారు చుట్టూ ఉన్నవాళ్ళు. ఆ నవ్వు ఖరీదు పదేళ్ళ తర్వాత ఒక ఆడపిల్ల కడుతుంది.

మన పక్కనున్న కన్నడ వాళ్ళు ఎదురుపడితే "ఊట ఆయ్తా?" అని అడుగుతారు. మనం "భోంచేశారా?" అంటాం. మన తాతలు గోదావరి నుంచో, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచో తుంగభద్ర ఎడమ కాలవ కింద భూములకి వచ్చి, గుడిసెలు వేసుకుని క్యాంపులు కట్టినప్పుడు, ఒక ఇంట్లో వండింది నాలుగిళ్ళ వాళ్ళు తిన్నారని ముసలివాళ్ళు చెప్తారు. వచ్చినవాడికి అన్నం పెట్టి పంపడం మర్యాద. వద్దన్నవాడి చేతిలో గ్లాసు పెట్టడం ఎప్పటినుంచి మర్యాదల లెక్కలోకి వచ్చిందో ఎవరైనా పెద్దవాళ్ళు చెప్తే వినాలని ఉంది.

మా మిల్లులో ఒక హమాలీ మేస్త్రి ఉన్నాడు. పేరు రాయొద్దన్నాడు, రాయను. మందు మానేసి పద్నాలుగు నెలలైంది. ఆసుపత్రిలో పది రోజులు ఉండి, మందులు వాడి, రెండుసార్లు జారి మళ్ళీ నిలదొక్కుకున్న మనిషి. "పని రోజుల్లో నాకే ఇబ్బందీ లేదు గుమాస్తా గారూ. బస్తా మీద బస్తా ఎత్తుతుంటే ఆలోచనే రాదు. ఈ ఎండాకాలం ఫంక్షన్లే నన్ను చంపుతున్నాయి. ఏడాదంతా కట్టుకున్న గట్టుని ఒక్క రాత్రిలో తెంపేస్తారు" అన్నాడు.

పోయిన వేసవిలో అతను ఎలా గట్టెక్కాడో అడిగి తెలుసుకున్నా. మానేసినవాళ్ళకి, మానాలనుకునేవాళ్ళకి పనికొస్తాయని అతని మాటల్లోనే రాస్తున్నా.

"ముందురోజే ఫంక్షను వాళ్ళకి ఫోను చేసి చెప్పేస్తా. వస్తున్నా, తాగను, పిలవొద్దు అని. అక్కడికెళ్ళాక పదిమందిలో చెప్పడం కంటే ఇది తేలిక. ఖాళీ కడుపుతో వెళ్ళను. ఆకలి మీదున్నప్పుడే కోరిక ఎక్కువ. వెళ్ళగానే ముందు బంతిలో కూర్చుని తినేస్తా. తర్వాత వడ్డన పని అందుకుంటా. సాంబారు బకెట్టు పట్టుకున్న చేతికి ఎవడూ గ్లాసు ఇవ్వడు. పని లేకపోతే మజ్జిగో నిమ్మకాయ సోడానో చేతిలో పట్టుకునే తిరుగుతా. ఎందుకు మానేశావంటే మానేశా అంటానంతే, ఇంకే కారణం చెప్పను. డాక్టరు వద్దన్నాడని అన్నామనుకోండి, ఒక్కటి వేస్తే ఏం కాదులే అని వాళ్ళే డాక్టర్లవుతారు. మా ఆవిడని, పిల్లల్ని వెంట తీసుకెళ్తా. తొమ్మిదింటికల్లా బండి తీసేస్తా. పందిరి వెనక లైట్లు వెలిగేసరికి నేను ఇంట్లో ఉంటా."

ఇదంతా వేరేవాళ్ళ ఇంటి ఫంక్షన్ల సంగతి. ఈసారి వైశాఖంలో అతని కూతురి పెళ్ళే. తొమ్మిదింటికి వెళ్ళిపోవడానికి లేదు. ముందురోజు రాత్రి మందు పెట్టకపోతే పరువు పోతుందని బావమరుదులంటున్నారు. "నువ్వు తాగొద్దులే బావా, మేం చూసుకుంటాం, నువ్వు ఆ పక్కకి రాకు" అని సర్దిచెప్తున్నారు. కన్నకూతురి పెళ్ళిలో తండ్రి ఆ పక్కకి రాకుండా ఎట్లా ఉంటాడు? వచ్చినవాళ్ళని పలకరించొద్దా?

"కార్డు మీద మందు ఉండదని అచ్చు వేయించమంటారా?" అని నన్నడిగాడు. అచ్చులో వేస్తే కొందరు దాన్ని నవ్వులాటకి వాడుకుంటారు. ముఖాముఖి చెప్పిన మాటకి ఉండే బరువు దానికి రాదన్నాను. చివరికి భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్ళి, కార్డు ఇచ్చిన ప్రతి ఇంట్లో ఒకే మాట చెప్పాలని అనుకున్నారు: "మా ఇంటి పెళ్ళిలో మందు ఉండదు. నేను మానేసినవాణ్ణి. నా చుట్టూ తాగుతుంటే ఆ రాత్రి నేను నిలబడలేను. నా కోసం ఆ ఒక్కరోజు ఓర్చుకోండి." వియ్యంకుడికి కూడా ఇదే చెప్పాడట. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదట. తర్వాత, "మా వాళ్ళకి నేను చెప్పుకుంటాలే బావగారూ, మీరు భోజనాలు బాగా చేయించండి" అన్నాడట. బావమరుదులు ఇంకా అలక మీదే ఉన్నారు. అడ్వాన్సు చీటీలో ఇతర ఖర్చుల వరస కొట్టేసి, దాని పక్కన "పూతరేకులు, చల్ల బండి" అని నాతో రాయించాడు.

అందరూ ఇలా చేయలేకపోవచ్చు. మందు పెట్టే ఇళ్ళు ఉంటాయి. అలాంటి ఇంటి పెద్దలకి నాలుగు విన్నపాలు. ఒకటి, భోజనం ముందు పెట్టండి, బంతి లేచేదాకా సీసా తీయొద్దు. రెండు, పోసే పని ఎవరికి వాళ్ళకే వదిలేయండి. గ్లాసు ఖాళీ కాగానే నింపే మనిషి పక్కనుంటే ఎంత తాగామో తాగినవాడికి కూడా తెలియదు. మూడు, మందు ఉన్నచోటే మజ్జిగ, సోడా, చల్లటి నీళ్ళు అంతకంటే ఎక్కువ పెట్టండి. తాగనివాడు దాక్కునే అవసరం ఉండకూడదు. నాలుగు, మీసాలు రాని పిల్లల్ని ఐసుకీ, సోడాలకీ, నంజుకోడానికీ ఆ పక్కకి పంపొద్దు. ఇంకో సంగతి. ఫంక్షను హాల్లో మందు పెట్టాలంటే ఎక్సైజు శాఖ దగ్గర ఆ రోజు వరకు లైసెన్సు తీసుకోవాలి. మనలో చాలామందికి ఆ మాటే తెలియదు.

ఇక లెక్కలో తాగేవాళ్ళకి ఒక లెక్క చెప్తా. క్వార్టరు అంటే 180 మిల్లీలీటర్లు. విస్కీ, బ్రాందీ, రమ్ము సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది చూడండి. అంటే క్వార్టరులో అసలు ఆల్కహాలు 60 గ్రాముల చిల్లర. 90 మిల్లీల పాకెట్టులో 30 గ్రాములు. బీరు కదా, నీళ్ళే కదా అనుకునేవాళ్ళు ఇది చదవండి: 8 శాతం ఉండే స్ట్రాంగు బీరు 650 మిల్లీల సీసాలో 41 గ్రాములుంటుంది. అంటే ఒక్క బీరు నైంటీ కంటే ఎక్కువ. రెండు బీర్లంటే ఒక క్వార్టరు దాటింది.

మన కాలేయం, అంటే లివరు, గంటకి 7 నుంచి 10 గ్రాముల వరకే అరిగించగలదు. బస్తాలు ఎత్తే ఒళ్ళయినా, బల్ల దగ్గర కూర్చునే ఒళ్ళయినా పెద్ద తేడా లేదు. మజ్జిగ తాగినా, కాఫీ తాగినా, తల మీద నీళ్ళు పోసుకున్నా ఆ వేగం పెరగదు. ఒక క్వార్టరు దిగాలంటే 6 నుంచి 8 గంటలు పైనే. రాత్రి పన్నెండింటికి ముగించిన మనిషికి తెల్లారి ఆరింటి షిఫ్టుకి ఇంకా దిగదు. రెండు క్వార్టర్లయితే మర్నాడు మధ్యాహ్నం దాకా ఒంట్లోనే ఉంటుంది. నిద్రపోయి లేచాను కదా అనుకుంటాడు. తిరిగే పట్టా దగ్గర, ఎలివేటరు గొయ్యి దగ్గర, బాయిలరు దగ్గర, లారీ మీద ఎత్తు కట్టిన బస్తాల దగ్గర ఆ తేడా తెలుస్తుంది.

అక్కడ దెబ్బ తగిలితే ఇంకో నష్టం కూడా ఉంది. పనిలో దెబ్బ తగిలిన కార్మికుడికి యజమాని పరిహారం ఇవ్వాలని 1923లోనే చట్టం వచ్చింది. అదే చట్టంలో ఒక నిబంధన పెట్టారు. తాగిన మత్తు వల్లే ప్రమాదం జరిగిందని తేలితే, ప్రాణం పోవడమో, ఇక ఏ పనీ చేయలేనంత అవిటితనం రావడమో తప్ప, మామూలు గాయాలకి యజమాని పరిహారం ఇవ్వనక్కర్లేదు. రెండు వేళ్ళు పోతే ఆ నష్టం మొత్తం మనదే. రాత్రి బావ పోసిన గ్లాసుకి పొద్దున వేళ్ళూ పోయి, డబ్బూ పోతే, బావ వచ్చి ఇస్తాడా?

బండి సంగతి అందరికీ తెలిసిందే అయినా మళ్ళీ చెప్తా. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే తాగి నడిపినట్టే. మొదటిసారి పట్టుబడితే 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోసారికి 15,000, రెండేళ్ళు. జరిమానా కట్టి బయటపడినవాడు అదృష్టవంతుడే. సింధనూరు, మాన్వి వైపు రోడ్డు మీద రాత్రిపూట ధాన్యం లారీలు, లైట్లు లేని ట్రాక్టరు ట్రాలీలు ఎలా నిలబడి ఉంటాయో మనకి తెలియదా? ఫంక్షను చేసేవాళ్ళు తాగినవాళ్ళ బండి తాళాలు తీసుకుని దగ్గర పెట్టుకోండి. ఆ రాత్రికి నాలుగు చాపలు, నాలుగు దిళ్ళు ఎక్కువ తెప్పించండి. అది మందుకంటే పెద్ద మర్యాద. అలాగే మందు తర్వాత కాలవలో ఈత కొడదామనే కుర్రాళ్ళని ఎంత అలిగినా సరే ఆపండి. నీళ్ళు తగ్గినట్టు కనపడే కాలవలో కూడా గేట్ల దగ్గర, వంతెనల కింద లోతు ఉంటుంది.

మన రాయచూరు ఎండలకి సంబంధించిన మాట ఒకటి ఆడవాళ్ళు, మగవాళ్ళు అందరూ గుర్తు పెట్టుకోండి. మందు ఒంట్లో నీటిని మూత్రం రూపంలో బయటికి తోసేస్తుంది. ఎండకి చెమటలో పోయేది పోగా, మందుకి ఇంకొంత పోతుంది. అందుకే పగటిపూట ఎండలో తాగడం రాత్రి తాగడం కంటే ప్రమాదం. వడదెబ్బ తగిలిన మనిషి కూడా తూలతాడు, మాట తడబడుతుంది, సంబంధం లేకుండా మాట్లాడతాడు, వాంతి చేసుకుంటాడు. చూసేవాళ్ళు "ఎక్కువైంది, పడుకోనియ్యండి" అని షామియానా పక్కన వదిలేసి భోజనాలకి పోతారు. అక్కడే ప్రాణాలు పోతాయి.

తాగి పడిపోయిన మనిషి ఒళ్ళు ముట్టుకుని చూడండి. కాలిపోతుంటే మందు సంగతి తర్వాత, ముందు నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి, విసరండి. 108కి ఫోను చేయండి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు, మజ్జిగ, నిమ్మరసం ఏదీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెల్లకిలా పడుకోబెట్టొద్దు, వాంతి అడ్డం పడుతుంది. ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి, పక్కన ఒక మనిషి ఉండాలి. గట్టిగా తట్టినా లేవకపోయినా, ఊపిరి మరీ నెమ్మదిగా, ఆగి ఆగి వస్తున్నా తెల్లారేదాకా చూడొద్దు.

కల్లు చల్లదనం కదా, ఎండాకాలం మంచిదే కదా అనేవాళ్ళున్నారు. చెట్టు మీంచి దిగిన కల్లు వేరు, ఇప్పుడు దొరికేది వేరు. కల్లు పేరుతో అమ్మేదాంట్లో క్లోరల్ హైడ్రేటు, డయాజెపాం, ఆల్ప్రజోలాం లాంటి మత్తు మందులు కలుపుతున్న కేసులు అటు తెలంగాణలోనూ, ఇటు మన రాయచూరు జిల్లాలోనూ బయటపడుతూనే ఉన్నాయి. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు చేసి సరఫరా ఆపినప్పుడు, దానికి అలవాటు పడినవాళ్ళు వందలమంది వణుకుతో, పిచ్చి మాటలతో ఆసుపత్రుల పాలయ్యారు. వాళ్ళు తాగింది కల్లనుకున్నారు, అలవాటైంది మత్తు మందు పొడికి.

లెక్క తప్పినవాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువమంది నన్ను అడిగేవి రెండు మాటలు.

మొదటిది, "రేపటినుంచి ఒక్కసారిగా మాన్పించేస్తే సరిపోతుందా?" రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే మొదటి రోజు చేతులు వణకడం, చెమటలు, నిద్ర లేకపోవడం ఉంటాయి. కొందరికి రెండు రోజుల లోపల ఫిట్సు వస్తాయి. రెండు మూడు రోజులకి లేనివి కనపడటం, ఎక్కడున్నదీ తెలియకపోవడం దాకా పోతుంది. దాన్ని గాలి సోకిందని అనుకునేవాళ్ళున్నారు. అది ప్రాణాల మీదికి తెచ్చే జబ్బు. మానడం మంచిదే, డాక్టరు చూపులో మానాలి. ఆ నాలుగైదు రోజులు వణుకు, ఫిట్సు రాకుండా మందులు, బి1 విటమిను ఇస్తారు.

రెండోది, "కూరలో కలిపే మాత్రలు ఉన్నాయట కదా?" ఉన్నాయి, కానీ ఆ పని చేయొద్దు. ఆ మాత్ర ఒంట్లో ఉండగా మందు తాగితే వాంతులు, గుండె దడ, ఆయాసం వచ్చి బీపీ పడిపోతుంది. ప్రాణం పోవచ్చు కూడా. తాగే మనిషికి చెప్పి, అతను ఒప్పుకుని, డాక్టరు పరీక్షలు చేసి ఇవ్వాల్సిన మాత్ర అది. తెలియకుండా కలిపితే ఫంక్షను రోజే విధవరాలయ్యే ప్రమాదం ఉంది.

సాయం కోసం రాయచూరు రిమ్స్ ఆసుపత్రి మానసిక విభాగానికి వెళ్ళొచ్చు. మందు మాన్పించే విషయానికి 14446, మనసు బాధలు చెప్పుకోవడానికి టెలిమానస్ 14416. రెండూ డబ్బు పడని నంబర్లే. టెలిమానస్‌లో మన భాషలో మాట్లాడే వీలుంది. ధర్మస్థళ వారి గ్రామాభివృద్ధి సంస్థ ఊళ్ళలో పెట్టే మద్యవర్జన శిబిరాల గురించి కూడా వినే ఉంటారు. మందు మానడం సిగ్గుపడే పని కాదు. సిగ్గుపడాల్సింది, మానేసినవాడి చేతిలో మళ్ళీ గ్లాసు పెట్టేవాడు.

ప్రభుత్వం మూసేస్తే పోతుంది కదా అని కొందరంటారు. మూసిన రోజులు కూడా మనం చూశాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడికి వెళ్ళి అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు తమ ఊళ్ళో సారా వద్దని లేచారు. వర్ధినేని రోశమ్మ పేరు అప్పట్లో తెలుగునాట తెలియనివాళ్ళు లేరు. ఆ మంట జిల్లా దాటి రాష్ట్రమంతా పాకితే 1993 అక్టోబరులో సారా నిషేధించారు. 1995లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం పూర్తి మద్యనిషేధం తెచ్చింది. 1997లో చంద్రబాబు నాయుడు గారి ప్రభుత్వం ఎత్తేసింది. మన కర్ణాటకలో 2007 జులై 1 నుంచి సారా ఆపారు. సారా పాకెట్టు పోయింది, దాని చోట్లో 90 మిల్లీల పాకెట్టు వచ్చింది.

2019 జనవరిలో చిత్రదుర్గ నుంచి బెంగుళూరు దాకా దాదాపు 200 కిలోమీటర్లు వేలమంది ఆడవాళ్ళు మందు వద్దని నడిచారు. ఆ ఉద్యమం మొదలైంది మన రాయచూరు జిల్లాలోనే. నడిచినవాళ్ళలో ఎక్కువమంది చెప్పులు అరిగేలా కూలికి పోయే ఆడవాళ్ళు. మన పోతనాళలోనే దళిత కూలి మహిళలు జాగృత మహిళా సంఘటన అని సంఘం పెట్టుకుని ఏళ్ళ తరబడి పని చేస్తున్నారు. వాళ్ళు మన పొలాల్లో నాట్లు వేసినవాళ్ళే, మన మిల్లుల్లో తవుడు చెరిగినవాళ్ళే. వాళ్ళ భాష కన్నడ, మన భాష తెలుగు. సాయంత్రం ఇంటికొచ్చే మనిషి కోసం గుమ్మంలో నిలబడి నడక ఎలా ఉందో చూసే చూపు మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే.

చట్టాలు రావాలని పోరాడేవాళ్ళకి దణ్ణం పెడతా. కానీ చట్టం వచ్చినా పోయినా, మన ఇంటి పందిట్లో ఏం వడ్డించాలో తేల్చేది మనమే. దానికి ఏ అసెంబ్లీ అనుమతీ అక్కర్లేదు.

అందుకే ఒక మాట అడుగుతున్నా. వైశాఖం ముహూర్తాలు మొదలయ్యే లోపల ఒక ఆదివారం సాయంత్రం, ఏ క్యాంపు వాళ్ళు ఆ క్యాంపు రామాలయం దగ్గర కూర్చోండి. మగవాళ్ళే కాదు, ఆడవాళ్ళు కూడా రావాలి, పెళ్ళీడుకొచ్చిన పిల్లలు కూడా. మందే ఉండకూడదని అందరూ అనుకుంటే సంతోషం. అంత దూరం రాకపోతే కనీసం మూడు మాటలు ఒప్పుకోండి. వద్దన్నవాణ్ణి రెండోసారి అడగకూడదు. పెళ్ళికాని కుర్రాళ్ళకి పోయకూడదు. తాగినవాణ్ణి బండి ఎక్కనియ్యకూడదు. ఈ మూడింటికి డబ్బు ఖర్చు లేదు, ఎవరి పరువూ పోదు.

మీ క్యాంపులో ఏం అనుకున్నారో, ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు అలిగారో నాకు రాసి పంపండి. పేర్లు లేకుండా వచ్చే నెల ఇక్కడే వేస్తాను. మందు లేకుండా పెళ్ళి చేసినవాళ్ళు, ఆ డబ్బుతో భోజనంలో ఏం కలిపారో కూడా రాయండి. వంటకం బాగుంటే చేసే పద్ధతితో సహా వేద్దాం.